రెండు వేలకి మంచి హెడ్‌ఫోన్: మేనల్లుడికి ఉత్తరం

అల్లుడూ,

రాత్రి పదకొండున్నరకి నువ్వు పంపిన వైర్లెస్ బడ్స్ లింకు పొద్దున లేచాక చూశాను. ఎమ్మార్పీ 5,999, దాన్ని కొట్టేసి 1,299. "పన్నెండింటికి ఆఫర్ అయిపోతుంది మామయ్యా, తీసేసుకోనా?" అని అడిగావు. పన్నెండు ఎప్పుడో దాటింది, ఇప్పుడు తెరిచి చూడు. అదే 1,299, పక్కన గడియారం మళ్ళీ మొదట్నించి తిరుగుతోంది. కాబట్టి తొందరేం లేదు. టీ తాగుతూ తీరిగ్గా చదువు.

ముందు ఆ 5,999 సంగతి మర్చిపో. అంత పోసి దాన్ని కొన్నవాడు ఎవడూ ఉండడు. డబ్బా మీద పెద్ద అంకె అచ్చేసేదే కొట్టేసి చూపించడానికి. 78 శాతం తగ్గిందని సంబరపడకు, 1,299కి ఇంకేం వస్తాయో చూడు.

నీ దగ్గరున్నది రెండు వేలు, అదీ ట్యూషన్లు చెప్పి దాచుకున్నది. దేనికి కావాలంటే మూడు చెప్పావు: ల్యాప్‌టాప్‌లో ఆన్‌లైన్ క్లాసులు, హాస్టల్ గదిలో గోల మధ్య పాటలు, ఊరొచ్చేటప్పుడు రాత్రి బస్సు ప్రయాణం. పరుగులూ జిమ్మూ నీ లిస్టులో లేవు, నీ ఒళ్ళు చూసినా తెలుస్తోందిలే. అందుకని నా మాట ముందే చెప్పేస్తాను: వైరున్న ఇన్-ఇయర్ (చెవి కన్నంలోకి దూర్చుకునేది) ఒకటి, మైకుతో, వెయ్యి నుంచి రెండు వేల లోపు కొనుక్కో. వైరంటే పాత చింతకాయ పచ్చడి అని మొహం చిట్లిస్తావని తెలుసు. అయినా విను.

నువ్వు చూపించిన వైర్లెస్ బడ్స్ 1,299లో ఏమేం ఉన్నాయి? చెవికొక బ్యాటరీ, కేసులో ఇంకో బ్యాటరీ, రెండు బ్లూటూత్ చిప్పులు, మైకులు, చార్జింగ్ బోర్డు. కంపెనీ ప్రకటనల ఖర్చూ, లాభమూ సరేసరి. ఇవన్నీ పోగా మిగిలిన దాంట్లోంచి రావాలి డ్రైవరు, అంటే అసలు శబ్దం పుట్టించే చిన్న స్పీకరు. వైరుదాంట్లో డ్రైవరు, దాని డొప్ప, వైరు, ఓ మైకు, అంతే. అదే డబ్బులో ఎక్కువ భాగం నీ చెవికి చేరుతుంది. పైగా ఆ బుల్లి బ్యాటరీలు రెండు మూడేళ్ళు రోజూ వాడేసరికి డీలా పడతాయి, మార్చే వీలుండదు. వైరు తెగితే మామయ్య ఉన్నాడు.

పోయినేడాది మా వీధి కుర్రాడొకడు పెద్ద హెడ్‌ఫోన్ పట్టుకొచ్చాడు, ఒక పక్క పలకట్లేదని. ఏడు వందలు పెట్టాడట. చెవి మొత్తం కప్పేసే కప్పులు, తళతళలాడే రంగు, మీద "ఎక్స్‌ట్రా బాస్" అని. విప్పితే అంత కప్పు మధ్యలో పది రూపాయల బిళ్ళంత స్పీకరు, చుట్టూ వేడి జిగురు. మిగతాదంతా ఖాళీ. పైన పటారం, లోన లొటారం. అప్పటికి వాడు మురిసిపోతున్నాడు కదా అని ఏమీ అనలేదు, తెగిన తీగ అతికించి పంపించాను.

అలాగని డబ్బు ఎక్కువ పోస్తే లోపల సరుకు ఎక్కువుంటుందనీ లేదు. పిండి కొద్దీ రొట్టె అనే సామెత ఈ వ్యాపారంలో సగమే పనిచేస్తుంది. 2017లో యెరూన్ బ్రేబార్ట్ అనే ఆడియో పరిశోధకుడు 283 హెడ్‌ఫోన్ల కొలతలు పెట్టుకుని లెక్క చూస్తే, ధరకీ ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్‌కీ సంబంధం కనబడలేదు. ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్ అంటే బొంగురు మోత దగ్గర్నుంచి సన్నటి ఈల దాకా దేన్ని ఎంత గట్టిగా వినిపిస్తుందన్న లెక్క. మనం "సౌండు బావుంది" అనేదాంట్లో పెద్ద వాటా దానిదే.

నా అనుభవంలో తేలింది చెప్తాను. రెండొందల దాన్నుంచి వెయ్యిన్నర దానికి వెళ్తే తేడా మొదటి పాటలోనే తెలుస్తుంది. రెండు వేల దాన్నుంచి పది వేల దానికి వెళ్తే తెలుస్తుంది గానీ చెవి ఒగ్గి వెతుక్కోవాలి. ఆపైన నువ్వు కట్టేది మెత్తటి దిండ్లకీ, గట్టి మడతలకీ, నాయిస్ క్యాన్సిలింగ్‌కీ, పేరుకీ. మీ రూమ్మేటు పన్నెండు వేలది పెట్టుకుని నీదాన్ని డబ్బా అన్నాడంటే ఊరుకో. ఆ పన్నెండు వేలల్లో చప్పుడు తగ్గించే ఏర్పాటుకి పోయిందే ఎక్కువ ఉండి ఉంటుంది. రోజూ మెట్రోలో తిరిగేవాడికి అది అవసరమే, నీకు కాదు.

ఇప్పుడు నా తప్పొకటి ఒప్పుకోవాలి. రేడియోలూ టేపులూ బాగుచేసే రోజుల్లో కొట్లో రెండు మూడు డెక్కులు అమ్మకానికి కూడా పెట్టేవాణ్ణి. ఏది ముందు అమ్ముడుపోవాలో దాని వాల్యూం పిసరంత పెంచి, లౌడ్‌నెస్ మీట నొక్కి ఉంచేవాణ్ణి. వచ్చినవాళ్ళు రెండూ విని, "ఇదే క్లియర్‌గా ఉందండీ" అని దాన్నే తీసుకెళ్ళేవారు. మన చెవి గుణం అంత: రెండిట్లో కాస్త గట్టిగా పలికేదే మంచిదనిపిస్తుంది. హైదరాబాద్ కోఠీలో ఎలక్ట్రానిక్స్ కొట్లుండే గుజరాతీ గల్లీలో ఎవరైనా ఇలాగే వినిపించబోతే, ఫోన్ నీ చేతిలోకి తీసుకుని రెండిటి వాల్యూమూ చెవికి సమానంగా అనిపించేలా సర్దుకున్నాకే తేల్చుకో.

వినేది కూడా వాళ్ళు పెట్టే ఢాంఢాం పాట కాదు, నువ్వు వందసార్లు విన్నది. మృదంగం ఉంటే మరీ మంచిది. ఎడమ చేతి గుంకీ (లోతైన మోత), కుడి చేతి చాపూ (పదునైన దెబ్బ) విడివిడిగా వినబడాలి. చవక బాస్ హెడ్‌ఫోన్‌లో రెండూ కలిసిపోయి పక్కింట్లో ఎవరో పరుపు దులుపుతున్నట్టు ఉంటుంది. తర్వాత గొంతు. పాడేవాళ్ళు గదిలో నీ ఎదురుగా ఉన్నట్టుండాలి గానీ తలుపవతల నుంచి పాడినట్టు ఉండకూడదు. తర్వాత స, శ, ష అక్షరాలు. అవి వచ్చినప్పుడల్లా చెవిలో గీసినట్టు ఉంటే పది నిమిషాల్లో తలనొప్పి ఖాయం. ఈ మూడోది మాత్రం నన్ను అడక్కు. మనిషి చెవికి 20 నుంచి 20,000 హెర్ట్జ్ దాకా వినబడుతుందంటారు, అది నీ వయసులో. నా వయసుకి పై మెట్లు చాలా ఊడిపోయాయి.

ఇన్-ఇయర్లు చెవిలో పెట్టి చూడనివ్వని కొట్లే ఎక్కువ, వాళ్ళని తప్పు పట్టలేం. ఆన్‌లైన్లో కొంటే రిటర్న్ ఉందా, లేక రీప్లేస్‌మెంట్ ఒక్కటేనా అన్నది ముందు చూసుకో. నచ్చలేదంటే అలాంటిదే ఇంకోటి పంపిస్తే ఏం లాభం?

అన్నిటికంటే ముఖ్యమైనది ఇది. ఇన్-ఇయర్ సౌండంతా రబ్బరు బుడిపె చెవిలో బిగువుగా కూర్చోవడంలో ఉంది. సందుంటే బాస్ మొత్తం అందులోంచి జారిపోతుంది. "బాస్ లేదు, వేస్ట్" అని ఒక్క స్టార్ ఇచ్చేవాళ్ళలో చాలామంది బుడిపె మార్చి చూడనివాళ్ళే. పరీక్ష తేలిక: రెండూ పెట్టుకుని పాట ఆపేసి, నోరు మూసుకుని "మ్..." అను. చెవుల్లో వేళ్ళు పెట్టుకున్నట్టు గొంతు తల లోపల మోగితే సరిగ్గా కూర్చుంది. ఒకవైపే మోగితే ఆ రెండోవైపు ఇంకో సైజు వెయ్యి. కుడికి మీడియం, ఎడమకి లార్జ్ వాడితే ఎవరూ నవ్వరు. అలా బిగిస్తే బయటి గోల కూడా చాలా తగ్గుతుంది, దానికి బ్యాటరీ అక్కర్లేదు.

డబ్బా మీద మాటల్లో నిన్ను పడేసేది ఈఎన్‌సీ, అంటే ఎన్విరాన్‌మెంటల్ నాయిస్ క్యాన్సిలింగ్. నువ్వు పంపినదాని మీదా పెద్దక్షరాలతో ఉంది. అది నీ చెవికి చప్పుడు తగ్గించేది కాదు, నీ మైకులోంచి అవతలివాళ్ళకి వెళ్ళే చప్పుడు తగ్గించేది. బస్సు మోత నీకు తగ్గాలంటే ఉండాల్సింది ఏఎన్‌సీ, అంటే యాక్టివ్ నాయిస్ క్యాన్సిలింగ్. ఒక్క అక్షరం తేడా. ఏఎన్‌సీ కూడా ఇంజను రొదలాంటి ఎడతెగని మోతనే బాగా అణుస్తుంది, వెనక సీటు పెద్దాయన ఫోన్ మాటల్ని కాదు. ఇక డ్రైవర్ 13 మిల్లీమీటర్లు, 10 మిల్లీమీటర్లు అనేవాటితో ఏమీ తేలదు. "40 గంటల ప్లేబ్యాక్" అంటే కేసుతో కలిపి, వాల్యూం సగంలో పెట్టి. వైర్లెస్ అయితే డబ్బా మీద బీఐఎస్ (మన దేశపు ప్రమాణాల సంస్థ) గుర్తు, కింద ఆర్‌తో మొదలయ్యే నంబరు ఉన్నాయో లేదో మాత్రం తప్పక చూడు, బ్యాటరీ చెవిలో పెట్టుకునేది కదా.

క్లాసుల విషయంలో ఇంకో చిక్కుంది. ల్యాప్‌టాప్‌లో బ్లూటూత్ హెడ్‌సెట్ మైకు ఆన్ అయిందంటే మామూలుగా అది ఫోన్ కాల్ పద్ధతిలోకి మారిపోతుంది, సౌండు పాత ల్యాండ్‌లైన్లా అయిపోతుంది. చాలామంది హెడ్‌ఫోన్ పాడైందనుకుంటారు. నువ్వు ఎప్పుడైనా వైర్లెస్ వాడాల్సి వస్తే సెట్టింగ్స్‌లో మైకు ల్యాప్‌టాప్‌ది, సౌండు హెడ్‌ఫోన్‌ది అని విడదీసి పెట్టుకో. వైరుకైతే ఈ బాధే లేదు.

నీ కొత్త ఫోన్‌కి 3.5 మిల్లీమీటర్ల కన్నం ఉందో లేదో నాకు గుర్తులేదు. లేకపోతే టైప్-సీ నుంచి మార్చే చిన్న తోక కొనాలి. యాభై రూపాయలకి దొరికేవి కొన్ని ఫోన్లకి అసలు పలకవు. లోపల డాక్ చిప్ (ఫోన్‌లోని డిజిటల్ అంకెల్ని హెడ్‌ఫోన్‌కి పనికొచ్చే సిగ్నల్‌గా మార్చేది) ఉన్నదని రాసి ఉంటేనే తీసుకో, దాని ఖర్చు రెండు వేలల్లోనే కలుపుకో. డబ్బా మీద ఇంపెడెన్స్ అని ఓమ్‌లలో రాస్తారు, అంటే కరెంటుకి ఎంత అడ్డుపడుతుందన్న లెక్క. 16 ఓమ్‌లో 32 ఓమ్‌లో ఉన్నది ఫోన్‌తో హాయిగా పలుకుతుంది. 250 ఓమ్‌ల స్టూడియో హెడ్‌ఫోన్ సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా వస్తోందని ఎవరైనా ఊరిస్తే వద్దను, దానికి యాంప్లిఫయర్ వేరే కావాలి.

ఏ కంపెనీ అంటావా? ఈ ధరలో మూన్‌డ్రాప్, కేజెడ్ లాంటి చైనా కంపెనీలు వైరు ఇన్-ఇయర్లు బాగా చేస్తున్నాయి. వీలైతే వైరు ఊడదీసి మార్చుకునేది చూడు, మూన్‌డ్రాప్ చూ-2 లాంటిది. తెగేది ఎప్పుడూ వైరే, డ్రైవరు కాదు. కొత్త మోడల్ కోసం ఎదురు చూడకు. కాస్ వాళ్ళ పోర్టా ప్రో హెడ్‌ఫోన్ 1984లో వచ్చింది, ఇంచుమించు అదే రూపంలో ఇంకా అమ్ముతూనే ఉన్నారు. దాని జోరు నాకు భలే ఇష్టం గానీ, చెవి మూయదు. నీ గదిలో ఆ గోలకి అది పనికిరాదు.

కొన్నాక రెండు పనులు చెయ్యి. పాటల యాప్‌లో క్వాలిటీ "డేటా సేవర్" మీద ఉంటే పైకి మార్చు, లేకపోతే మంచి హెడ్‌ఫోన్ ఆ లోటునే ఇంకా బాగా వినిపిస్తుంది. బాస్ ఎక్కువనిపిస్తే ఈక్వలైజర్లో బాస్ మీట కాస్త తగ్గించు, మిగతావన్నీ పెంచుకుంటూ పోకు. ఇంకోటి, మీ అమ్మ తరఫున: 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. 3 డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా ఆ గంటలు సగమవుతాయి. బస్సు మోతని మించి వినాలని వాల్యూం పెంచేస్తాం చూడు, అక్కడే చెవులు పాడయ్యేది.

రాయడం అయిపోయాక గుర్తొచ్చింది. నీ పాతది ఎడమ పక్క పోయిందన్నావు కదా, పారేశావా? జాక్ దగ్గర వైరు అటూ ఇటూ వంచి చూడు. ఒక్కో వంపులో పలికీ పలక్కా ఉంటే తీగ అక్కడే తెగింది. కొత్త జాక్ ముప్పై రూపాయలు. నువ్వు మాత్రం సోల్డరింగ్‌కి పూనుకోకు. ఆ సన్న తీగల మీద ఎరుపూ ఆకుపచ్చా ఎనామిల్ పూత ఉంటుంది, అది కాలేదాకా ఐరన్ మొన ఆనించి ఉంచితేనే సీసం పట్టుకుంటుంది. మధ్యలో నైలాన్ దారాలు అడ్డం. పండక్కి వచ్చేటప్పుడు పట్రా, నేను చేసిస్తాను. అది పలికిందంటే క్లాసులకి అది సరిపోతుంది, నీ రెండు వేలు జేబులోనే ఉంచుకుని తాపీగా వెతుక్కోవచ్చు.

మీ మామయ్య