తులం పది గ్రాములా, పదకొండున్నరా?

సందేహం: బంగారం అంగట్లో తులమంటే పది గ్రాములంటున్నారు. మా అవ్వ నాటి నగల పట్టీ (జాబితా) లెక్కగట్టబోతే పెద్దలు 11.66 అంటున్నారు. ఏది సరి? 'తులం' అనాలా, 'తులా' అనాలా?
– ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

సమాధానం: రెండో ప్రశ్న ముందు. తుల అంటే త్రాసు, తులం అంటే తూకం. ప్రకటనల్లో కనబడే 'తులా బంగారం'లోని దీర్ఘం హిందీ 'తోలా' నీడలో వచ్చింది కాబోలు. తెలుగుకు దాని అవసరం లేదు.

సంస్కృతంలో 'తుల్' ధాతువుకు ఎత్తడం, తూచడం అని అర్థాలు. తులనం, తుల్యం, అతులం, తులాభారం, తులారాశి అన్నీ దాని సంతానమే. గ్రీకుల 'తాలంతొన్' కూడా ఈ ఇంటిదే. మొదట త్రాసు, తర్వాత ఒక తూకం, ఆపైన అంత తూకం వెండి, చివరికి ఇంగ్లీషులో ప్రతిభ. 'టాలెంట్ టెస్టు'లు పెట్టే బడులవాళ్లు తెలియకుండానే తులాన్ని తలుచుకుంటున్నారు! తూగు, తూకం, తూనిక మాత్రం ద్రావిడ మాటలు. తమిళంలో 'తూక్కు' అంటే ఎత్తడం. పోలిక ఉంది కదా అని వీటిని తులతో కలిపేయకండి. భావం రెండుచోట్లా ఎత్తడమే గనక 'రూపాయెత్తు బంగారం' అన్నారు.

మీ 11.66 ఆ రూపాయిలోనే ఉంది. 1835 నాటి ఈస్టిండియా కుంపిణీ రూపాయి తూకం 180 గ్రెయిన్లు, అంటే 11.66 గ్రాములు. అదే తులం. మూడు తులాలు పలం, నలభై పలాలు వీశ. సంస్కృతంలోనేమో తుల అంటే నూరు పలాలు. మన పలంతో లెక్కేస్తే మూడున్నర కిలోలు! అంతటి మాట రూపాయెత్తుకు దిగింది. 1956 చట్టంతో మెట్రిక్ కొలతలు వచ్చాక, అంగడి లెక్కకు వీలుగా పది గ్రాములకు దిగింది. దీన్ని నిఘంటువుకు ఎక్కించడానికి నాకింకా మనసొప్పడం లేదు, తప్పని కొట్టేయనూలేను.

మీ పట్టీలో ఐదు తులాలుంటే పాత లెక్కకు 58.3 గ్రాములు, ఇప్పటి లెక్కకు 50. తేడా 8.3, ఒక కాసుకు (8 గ్రాములు) పైమాటే. పట్టీ 1956కు ముందుదైతే 11.66తో గుణించండి. తర్వాతిదైతే ఏ తులమో పట్టీ చెప్పదు, నగ తూయించాల్సిందే. గుండ్లలో లక్క, పొదిగిన రాళ్లు ఉంటే వాటి బరువు తీసేయించండి. ఏళ్ల తరబడి మెడలో ఉన్న గొలుసు అరిగి కొంత తగ్గే ఉంటుంది.

నోటిమాటలో తులం ఉండనీయండి. బిల్లులో మాత్రం గ్రాములే ఉండాలి. 2009 తూనికల చట్టం ప్రామాణిక కొలతలనే ఒప్పుకుంటుంది. ఆ గ్రాములనైనా సరిగా రాయరు. 'జీఎమ్', 'జీఎమ్మెస్' అని బోర్డులు! రోమను లిపిలో చిన్న అక్షరం 'జీ' ఒక్కటే గుర్తు; దానికి బహువచనమూ లేదు, చుక్కా లేదు. తెలుగులో 'గ్రా.' చాలు. 'గ్రా.లు' అని ముడేస్తే చదివేవాడి నాలుక తిరగదు.