హోస్ట్ డిస్కును వీఎం తినేస్తే ఏం చేస్తావని అడిగారు

ప్రశ్న: బీటెక్ అయ్యాక అమీర్‌పేటలో లినక్స్, క్లౌడ్ కోర్సు చేశాను. మాదాపూర్‌లో ఇంటర్వ్యూకి వెళ్తే, ‘వర్చువల్ మెషిన్లు (వీఎంలు) పొరపాటున హోస్ట్, అంటే అవి నడిచే అసలు మెషిన్ స్టోరేజీని వాడేయకుండా ఏం చేస్తావు?’ అన్నారు. నోట మాట రాలేదు. ఇంకో కోర్సులో చేరమంటారా సార్?

జవాబు: వద్దు. ఆ ఫీజుతో సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో ఒక పాత డెస్క్‌టాప్, ఇంకో డిస్కు కొనుక్కోండి. నోట్సు చదివిన వాళ్లెవరో, సర్వర్‌తో కుస్తీ పట్టిన వాళ్లెవరో తెలుసుకోవడానికే ఆ ప్రశ్న వేస్తారు.

లినక్స్‌లో వీఎంలను నడిపే కేవీఎంలో వాటి డిస్కులు మామూలుగా ‘వార్’ కింద ఒక ఫోల్డర్‌లో పడతాయి. విడిగా పార్టిషన్ చేయకపోతే అది హోస్ట్ రూట్‌లో, అంటే సిస్టమ్ ఉండే ప్రధాన పార్టిషన్‌లో భాగమే. వీఎం డిస్కుగా వాడే క్యూకౌ2 ఫైలు మొదట చాలా చిన్నగా ఉండి, లోపల రాసే కొద్దీ పెరుగుతుంది. అందుకే 100 జీబీ డిస్కు మీద 40 జీబీ వీఎంలు నాలుగు పెట్టినా ఆ రోజు ఎవరూ వద్దనరు. రూట్ నిండిన రోజు వీఎంలు పాజ్ అయిపోతాయి, హోస్ట్ లాగ్ రాసుకోవడానికి కూడా చోటుండదు.

విరుగుడు, వీఎంలకు వేరే డిస్కు మీద స్టోరేజీ పూల్, అంటే వాటి డిస్కు ఫైళ్లు పెట్టే చోటు. ఇంతవరకు చాలామంది చెప్తారు. బూట్‌లో ఆ డిస్కు మౌంట్ కాకపోతే, అంటే దాని ఫోల్డర్‌కు తగులుకోకపోతే? ఖాళీ ఫోల్డర్ మిగులుతుంది, కొత్త ఇమేజ్‌లు మళ్లీ రూట్‌లోకే పోతాయి. మౌంట్ చేయకముందే ఆ ఫోల్డర్‌కు ‘చాటర్’ కమాండ్‌తో ఇమ్యూటబుల్ (మార్చడానికి వీల్లేని) ఫ్లాగ్ పెడితే అందులో ఏదీ రాయడం కుదరదు. ఈ ముక్క చెప్తే ఎదుటివాళ్లు తలెత్తి చూస్తారు.

డిస్కునే నేరుగా వీఎంకి ఇస్తే ఇంకో గండం. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను డిస్కు పేరు ‘ఎస్‌డీబీ’ అని రాసి ఇచ్చాను. రీబూట్‌లో పేర్లు తారుమారై హోస్ట్ డేటా డిస్కు వీఎం చేతికెళ్లింది. ఒకే ఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్‌ని హోస్ట్, వీఎం రెండు వైపులా మౌంట్ చేస్తే పాడవక ఏమవుతుంది? రాత్రంతా బ్యాకప్ నుంచి వెనక్కి తెచ్చుకున్నాం, ఆ టెన్షన్ ఇప్పటికీ గుర్తే. అప్పటి నుంచి రీబూట్ అయినా మారని ‘బై-ఐడీ’ పేర్లే వాడతాను. వీఎం లోపలి ఎల్‌వీఎంను (డిస్కును వాల్యూములుగా పంచే ఏర్పాటు) హోస్ట్ తనదనుకోకుండా ఫిల్టర్ పెట్టడం కూడా నేర్చుకోండి.

కొన్న ఆ డెస్క్‌టాప్‌లో ముందు మాత్రం, నిండితే ఏమవుతుందో చూడటానికి పూల్‌ను రూట్‌లోనే ఉంచి, వీఎంలో పెద్ద ఫైళ్లు రాస్తూ హోస్ట్‌లో ఖాళీ చోటు చూపే ‘డీఎఫ్’ కమాండ్ చూస్తూ కూర్చోండి. ఎక్కడ ఆగిందో, ఎలా లేపారో రాసి పెట్టుకోండి. రెడ్ హ్యాట్ వాళ్ల లినక్స్ సర్టిఫికేషన్ ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ రాయాలనుంటే ఆ తర్వాత రాయండి, అదీ ప్రాక్టికల్ పరీక్షే.