వీలునామాలో పనిముట్లు కనిపించకపోతే ఆ ఓడ వడ్రంగికి పనిముట్లు లేనట్టేనా?

కాదు. 16, 17 శతాబ్దాల ఇంగ్లండులో వీలునామా అంటే ఆస్తి మొత్తం చిట్టా కాదు. ఏ వస్తువు ప్రత్యేకంగా ఎవరికి చెందాలో చెప్పే పత్రం మాత్రమే. విడిగా పేర్కొననిదంతా చివర్లో ‘మిగిలిన నా సొత్తంతా’ అనే ఒక్క వాక్యంలో, చాలాసార్లు భార్య పేరిట, చేరిపోయేది. రంపాలు, బాడిసలు అందులోనే ఉండొచ్చు.

వస్తువుల లెక్క తేలేది వేరే పత్రంలో. చనిపోయినవారి సొత్తును కనీసం ఇద్దరి సమక్షంలో లెక్కగట్టి వీలునామాల వ్యవహారం చూసే చర్చి కోర్టుకు జాబితా ఇవ్వాలని 1529 చట్టం చెప్పింది. రావలసిన జీతం బాకీ కూడా అందులోకి వస్తుంది. సొంత భూమి, ఇల్లు మాత్రం రావు. వాటి కోసం మళ్లీ వీలునామానే చూడాలి. కాబట్టి రెండూ పక్కపక్కన పెట్టుకుని చదవాలి.

ఉదాహరణకు, లండన్ దగ్గరి ఓడల రేవు డెట్‌ఫర్డ్‌లో ఓడ వడ్రంగి ఒకడు బాడిస, బరమా తన దగ్గర పని నేర్చుకునే కుర్రాడికి రాసి, మిగతాది భార్యకు వదిలాడనుకుందాం. అతనికున్నవి ఆ రెండేనని కాదు, ఇంట్లోవాళ్లకు కాకుండా బయటికి వెళ్లేవి ఆ రెండు అని.

ఎక్కువమంది పొరబడేది తేదీ దగ్గర. అప్పటి ఇంగ్లండులో కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. పత్రంలో 1640 ఫిబ్రవరి అని ఉంటే మన లెక్కలో అది 1641. ఇది మరిస్తే, ఏప్రిల్ 1640లో బతికున్న మనిషిని అంతకు ముందే చనిపోయాడని రాసేస్తాం.