పోస్టరు గురించి రాయబోయే అమ్మాయికి

కడప

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం అందింది, రెండుసార్లు చదివాను. అనంతపురంలో పుట్టి, పెద్ద నగరాల మ్యూజియంలకు ఏళ్ల తరబడి ప్రదర్శన పోస్టర్లు చేసి, ఇప్పుడు సొంత ఊరికి తిరిగివచ్చిన డిజైనరును నీవు ఎంచుకోవడం నాకు నచ్చింది. సినిమా పోస్టర్ల మీద మనవాళ్లు చాలానే రాశారు కానీ, మ్యూజియం గేటు పక్కన నెల రోజులు వేలాడి మాయమయ్యే కాగితం గురించి తెలుగులో రాసినవి నా కంట పడినవి తక్కువ. అయితే నీ వ్యాసంలో ఆయన ఉద్యోగాలు ఉన్నాయి, సన్మానాలు ఉన్నాయి, ఏ సంవత్సరం ఏ ఊరికి మారాడో కూడా ఉంది, ఒక్క పోస్టరు మాత్రం లేదు. 'అద్భుతమైన', 'కనువిందైన' అన్న మాటలు పదకొండుచోట్ల వచ్చాయి, ఆ పోస్టరులో ఏ రంగు ఉందో ఒక్కచోటా రాలేదు.

ఈ పనిలో ముందుగా గ్రహించవలసిన చిక్కు ఒకటుంది. ప్రదర్శన మొదలుకాక ముందే పోస్టరు అచ్చు కావాలి కనుక, దానిని తయారుచేసే మనిషి తరచుగా ఆ ప్రదర్శనను కంటితో చూడకుండానే దాని ముఖాన్ని నిర్ణయిస్తాడు. అతని ముందు ఉండేవి కొన్ని ఫోటోలు, వస్తువుల జాబితా, తేదీలు, ఖర్చు భరించేవారి గుర్తులు మాత్రమే. వంద వస్తువుల్లో ఒకదానిని పైకి తెచ్చినప్పుడు తక్కిన తొంభై తొమ్మిదింటిని పక్కన పెట్టినట్టే. కాబట్టి, ఏది పక్కన పెట్టాడు, ఎందుకు పెట్టాడు, ఎవరు అడ్డు చెప్పారు అని అడిగితే ఆయన వృత్తిజీవితం దానంతట అదే బయటికి వస్తుంది.

వియన్నాలో 1898లో, పాత కళాకారుల సంఘం నుంచి విడిపోయిన సెసెషన్ బృందం తమ మొదటి ప్రదర్శన పెట్టినప్పుడు చిత్రకారుడు గుస్తావ్ క్లిమ్ట్ గీసిన పోస్టరు చూడు. గ్రీకు వీరుడు థీసియస్ ఎద్దు తల ఉన్న రాక్షసుణ్ణి పొడుస్తున్న దృశ్యం పైభాగంలో ఉంటుంది, నడిమి చోటు దాదాపు ఖాళీ. వీరుడు దిగంబరంగా ఉన్నాడని సెన్సారు వారు ఆక్షేపించగా, అడ్డంగా చెట్టు బోదెలు ముద్రించి మళ్లీ విడుదల చేశారు. ఆ రెండు ప్రతులను పక్కపక్కన పెట్టి రాసిన ఒక్క పేరా, క్లిమ్ట్ పొందిన గౌరవాల పట్టికకన్నా ఎక్కువ చెబుతుంది.

ఆమ్‌స్టర్‌డామ్‌లోని స్టెడెలిక్ మ్యూజియం కథ ఇంకా రుచికరమైనది. 1945 నుంచి 1962 వరకు దానికి డైరెక్టరుగా ఉన్న విలెమ్ సాండ్‌బర్గ్ స్వయంగా డిజైనరు. జర్మన్ల ఆక్రమణ కాలంలో దొంగ గుర్తింపు కార్డుల తయారీలో పాలుపంచుకున్న ఆ చేతులే, తరువాత కాగితాన్ని చించి, ఆ చిరుగు అంచులతోనే అక్షరాలు కట్టి మ్యూజియం ప్రచురణలకు వాడాయి. ఆయన తరువాత అదే మ్యూజియానికి పనిచేసిన డిజైనరు విమ్ క్రౌవెల్, కాగితాన్ని ముందే గళ్లుగా విభజించుకుని వాటి ప్రకారం అక్షరాలను అమర్చే, పూర్తిగా లెక్కల మనిషి. 1968లో 'ఫోర్మ్‌గేవర్స్' (డిజైనర్లు) అనే ప్రదర్శనకు చేసిన పోస్టరులో, మామూలుగా దాచిపెట్టే ఆ గళ్లను కనబడేలా వదిలేసి, అక్షరాలను వాటిమీదే నిలబెట్టాడు. అంతకుముందు, 1957లో ఐండ్‌హోవెన్‌లోని వాన్ అబ్బే మ్యూజియంలో ఫెర్నాన్ లెజె చిత్రాల ప్రదర్శనకు క్రౌవెల్ చేసిన పోస్టరులో లెజె బొమ్మే లేదు. ఆ చిత్రకారుడి మందపాటి నల్లగీతల బరువును పేరులోని అక్షరాలకు ఎక్కించాడు. నాకు వ్యక్తిగతంగా సాండ్‌బర్గ్ చిరుగులే ఇష్టం, కానీ ఆ ఇష్టాన్ని నీ మీద రుద్దను.

ఇక్కడే నీ డిజైనరును నీవు అడగవలసిన ముఖ్యమైన ప్రశ్న ఉంది. ఇంగ్లీషు శీర్షికలో వరుసలను ఒకదానికొకటి ఆనించి పేర్చవచ్చు. 'రాష్ట్ర పురావస్తు ప్రదర్శన' అని తెలుగులో రాస్తే 'ష్ట్ర' కింద రెండు వత్తులు దిగి, కింది వరుసలోని గుళ్లను, ఏత్వాలను తాకుతాయి. చోటు వదిలితే శీర్షిక చెదురుతుంది, వదలకపోతే చదవడం కష్టమవుతుంది. దీనిని ఆయన ఎలా సర్దుకున్నాడు? మన జిల్లాలోని కలమళ్ళలో సుమారు 575 నాటి రేనాటి చోళుల తెలుగు శాసనం ఉంది కదా, దానిపై ప్రదర్శన పెడితే పోస్టరుకు వేరే బొమ్మ వెతకనక్కరలేదు, ఆ అక్షరమే బొమ్మ. కానీ నేటి పాఠకుడు ఆ లిపిని చదవలేడు, కాబట్టి చూడటానికి ఒక తెలుగు, చదవడానికి మరో తెలుగు ఒకే కాగితం మీద ఇమడాలి. ఆ పని ఇస్తే మొదటి గీత ఎక్కడ గీస్తారని ఆయనను అడిగి, మాటలు కాదు, చేయి గమనించు.

నా తప్పు ఒకటి చెబుతాను. చాలా ఏళ్ల కిందట ఒక పాత పోస్టరు గురించి రాస్తూ, దానిలోని పాలిపోయిన గులాబీ రంగు విషాదాన్ని ధ్వనింపజేస్తున్నదని ఒక పేజీ నింపాను. అచ్చయినప్పుడు అది నిండు ఎరుపే. ఎండ తగిలే చోట పసుపు, ఎరుపు సిరాలు ముందుగా వెలుస్తాయి, నీలం, నలుపు ఎక్కువ కాలం నిలుస్తాయి. ఆ పోస్టరు కడప ఎండలో కిటికీ పక్కన ఎన్నో వేసవులు గడిపింది, అంతే. కనుక రంగు గురించి రాసేముందు బీరువాలో దాచిన ప్రతి ఉంటే తీయించి చూడు.

నీ వ్యాసంలో మొదటి రెండు పేజీలు కొట్టివేసి పంపుతున్నాను, కోపం తెచ్చుకోకు. మూడో పేజీ అడుగున, కంప్యూటరు రాకముందు ఆయన అక్షరాలను బ్లేడుతో కోసి జిగురుతో అతికించేవాడనీ, బొటనవేలి మీద ఆ గాటు ఇప్పటికీ ఉందనీ ఒక్క వాక్యం రాసి ముందుకు వెళ్లిపోయావు. వ్యాసాన్ని ఆ వాక్యం దగ్గర మొదలుపెట్టు. వచ్చేసారి వెళ్లినప్పుడు అచ్చయిన పోస్టర్లతో పాటు, తిరస్కరించిన నమూనాల కట్ట కూడా విప్పి చూపమని అడుగు.

ఇట్లు,
నీ మేలు కోరే పెద్దాయన