న్యూకాసిల్ జట్టును ఎంచుకున్న మేనకోడలికి

చిరంజీవి స్రవంతికి, మావయ్య దీవించి రాయునది.

ఇంగ్లండ్‌లో, ఈ న్యూకాసిల్‌లో కోర్సు మొదలై నెల తిరగకుండానే "ఈ ఊరి ఫుట్‌బాల్ జట్టు న్యూకాసిల్ యునైటెడ్‌కి అభిమానినవుదామనుకుంటున్నా, ఎక్కడ మొదలుపెట్టను?" అని అడిగావు. నాకెంత సంతోషమైందో చెప్పలేను. ఫోన్‌లో తొందరగా చెప్పేది కాదని కూర్చుని రాస్తున్నా.

ఎవరడిగినా, కొత్తగా చూడ్డం మొదలుపెట్టానని చెప్పు. నాలుగు పేర్లు బట్టీ పట్టి పాత అభిమానిలా మాట్లాడాల్సిన అవసరం లేదు. మెట్రోలో పక్కన మన జట్టు రంగులైన నలుపు తెలుపు చారల స్కార్ఫ్‌తో ఒక పెద్దాయన కూర్చుంటే, మొదటిసారి మన మైదానం సెయింట్ జేమ్స్ పార్క్‌కి మిమ్మల్ని ఎవరు తీసుకొచ్చారని అడుగు. తండ్రో తాతో తీసుకొచ్చిన సంగతి దిగాల్సిన స్టేషన్ వచ్చేదాకా చెబుతూనే ఉంటాడు. ఆ కథలు వింటేనే ఈ జట్టు నీకు పట్టుబడుతుంది. అంకెలు ఆ తర్వాత వాటంతటవే వస్తాయి.

ఆ కథల్లో ఎక్కువ భాగం ఎదురుచూపే. ఇంగ్లండ్‌లో అన్నిటికన్నా పై లీగ్ చివరిసారి గెలిచింది 1927లో. ఓడితే ఇంటికే అన్న నాకౌట్ పోటీ ఎఫ్‌ఏ కప్పు 1955లో. 1969లో యూరప్ పోటీల్లో ఫెయిర్స్ కప్పు వచ్చింది, ఇక అంతే. 1996 జనవరిలో పట్టికలో 12 పాయింట్ల ముందున్నాక కూడా టైటిల్ మాంచెస్టర్ యునైటెడ్‌కి పోయింది. 2009లో, 2016లో కింది డివిజన్‌కి దిగిపోయారు. మన ఐపీఎల్‌లో అట్టడుగున నిలిచినా మరుసటి ఏడాది అదే లీగ్‌లో ఆడొచ్చు. ఇక్కడ పై లీగ్‌లోని 20 జట్లలో చివరి మూడూ కింది డివిజన్‌కి దిగిపోవాల్సిందే. ఏప్రిల్, మే నెలల్లో పట్టిక అడుగున ఉన్న జట్ల ఆట చూడు, ఒక్కో పాయింటు కోసం ఎలా కొట్టుకుంటారో తెలుస్తుంది.

ఇంత ఎదురుచూశాక 2025 మార్చి 16న లండన్‌లోని వెంబ్లీ మైదానంలో లివర్‌పూల్‌ని 2–1తో ఓడించి, మరో నాకౌట్ పోటీ అయిన లీగ్ కప్పు గెలిచారు. మొదటి గోల్ డాన్ బర్న్ తలతో కొట్టింది. అతను ఇక్కడికి దగ్గర్లోని బ్లైత్ ఊరి కుర్రాడు. చిన్నప్పుడు ఈ క్లబ్బే వద్దని పంపేసింది. ఎక్కడెక్కడో ఆడి 2022లో తిరిగొచ్చాడు. ఆ గోల్ వీడియో తప్పకుండా చూడు. రెండో గోల్ కొట్టిన అలెగ్జాండర్ ఇసాక్ ఆ సెప్టెంబర్ 1న అదే లివర్‌పూల్‌కి వెళ్లిపోయాడు, 12.5 కోట్ల పౌండ్లకి. అందుకే ఒక్క ఆటగాడిని చూసుకుని జట్టుని ఎంచుకోవద్దంటాను. వాళ్లు వస్తారు, పోతారు. టీషర్టు కొంటే వెనక పేరు లేనిదే కొనుక్కో.

ఒకప్పటి మన గోల్ వీరుడు అలన్ షియరర్ సంగతి వేరు. ఈ ఊళ్లోని గోస్‌ఫోర్త్‌లో రేకుల పనిచేసే కార్మికుడి కొడుకు. 1996లో మాంచెస్టర్ యునైటెడ్ పిలిచినా కాదని, అప్పటి ప్రపంచ రికార్డు ధర 1.5 కోట్ల పౌండ్లకి సొంతూరి జట్టుకి వచ్చాడు. ఈ జట్టుకి 206 గోల్స్ కొట్టాడు. ఆ 206వది 2006 ఏప్రిల్ 17న, పక్క ఊరి ప్రత్యర్థి జట్టు సండర్‌ల్యాండ్ మైదానంలో. ఆ మ్యాచ్‌లో మనవాళ్లు 1–0తో వెనకబడి ఉండగా మైకేల్ చోప్రా బదులు ఆటగాడిగా దిగి, దిగిన కొన్ని సెకన్లకే స్కోరు సమం చేశాడు. తండ్రి వైపు భారతీయుడైన చోప్రా కూడా ఈ ఊళ్లోనే పుట్టాడు. చివరికి 4–1. మన పోలికలున్న పేరు ఒకటి ఆ రోజు ఈ ఊరంతా అరిచిందంటే నాకిప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

"మనం క్రికెట్ వాళ్లం కదా" అన్నావు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు ఫుట్‌బాల్ పోటీ గెలిచింది తల్లీ. ఆ జట్టుకి శిక్షణ ఇచ్చిన రహీమ్ సాబే 1962లో భారత్‌కి ఆసియా క్రీడల బంగారం తెచ్చిపెట్టాడు. ఫుట్‌బాల్ మనకి పరాయి ఆట కాదు.

ఇక ఆట చూడ్డం. బంతి వెంటే కళ్లు పరిగెత్తించకు. కాసేపు వెనక నలుగురు డిఫెండర్ల వరసని చూడు. వాళ్లు కలిసి ముందుకి జరగడం, వెనక్కి తగ్గడం గమనిస్తే ఆఫ్‌సైడ్ (సహచరుడు బంతి అందించే క్షణానికి ఆ వరసని దాటి ఉండకూడదన్న నియమం) ఎవరూ చెప్పకుండానే అర్థమవుతుంది.

హైదరాబాద్‌లో శనివారం రాత్రి టీవీలో వచ్చే మ్యాచ్‌లు కొన్ని ఇక్కడ రావు. ఇక్కడి టైముకి శనివారం మధ్యాహ్నం మూడు గంటలకి మొదలయ్యే వాటిని బ్రిటన్‌లో టీవీలో ప్రసారం చేయరు, జనం మైదానాలకి రావడం మానేస్తారని. ఆ వేళ రేడియో పెట్టుకో, బీబీసీ రేడియో న్యూకాసిల్. వ్యాఖ్యాత గొంతు పెరిగిన కొద్దీ నీ గుండె కొట్టుకోవడం మొదలైతే ఇక నువ్వు మాలో కలిసినట్టే. రాత్రికి బీబీసీ టీవీ కార్యక్రమం మ్యాచ్ ఆఫ్ ద డేలో ముఖ్యమైన ఘట్టాలు చూపిస్తారు.

టికెట్ దొరకడం కష్టం. సభ్యత్వం తీసుకుని లాటరీలో పేరు పెట్టుకోవాలి. వీధిలోగానీ వాట్సాప్‌లోగానీ ఎవరైనా అమ్ముతామంటే ఒక్క పౌండు కూడా ఇవ్వకు. ఇక్కడ అనుమతి లేకుండా ఫుట్‌బాల్ టికెట్ తిరిగి అమ్మడం నేరం, కొన్నవాళ్లని గేటు దగ్గరే ఆపేయొచ్చు. లోపల ఎవరైనా నీ రంగు మీద నోరు పారేసుకుంటే సర్దుకుపోవద్దు. సీటు నంబరు చూసుకుని స్టీవర్డ్‌కి (మైదానం సిబ్బందికి) చెప్పు, ఫుట్‌బాల్‌లో వివక్ష మీద పోరాడే కిక్ ఇట్ అవుట్ సంస్థకి కూడా ఫిర్యాదు చేయొచ్చు. సీటు కొనుక్కున్నాక ఆ చోటు నీది.

ఒక సంగతి దాచను. 2021 అక్టోబర్ నుంచి ఈ క్లబ్బులో పెద్ద వాటా సౌదీ ప్రభుత్వ పెట్టుబడి నిధిది. ఆ దేశంలో మానవ హక్కుల పరిస్థితి గురించి ఆమ్నెస్టీ లాంటి సంస్థలు అప్పుడే గట్టిగా అభ్యంతరం చెప్పాయి. అభిమానుల్లోనూ నిరసన తెలిపినవాళ్లున్నారు. వాళ్ల మాట వినే తీరాలి. జట్టుని మనసారా ప్రేమించు, యజమానుల తరఫున మాత్రం వకాల్తా పుచ్చుకోకు. నేను అలాగే ఉంటున్నాను.

నీ స్నేహితులు కొందరు సండర్‌ల్యాండ్‌లో చదువుతున్నారన్నావు. వాళ్లు ఎరుపు తెలుపు చారలు కట్టుకుంటే హాయిగా పందెం వేసుకోండి. ఈ రెండు ఊళ్ల జట్లు తలపడే డెర్బీ రోజు మాత్రం ఆ చొక్కా వేసుకున్నవాళ్లని వెంటబెట్టుకుని మన మైదానంలోని గాలోగేట్ స్టాండ్ వైపు రావద్దు.

లాటరీలో పేరు వచ్చేదాకా మనం మహిళల జట్టు మ్యాచ్‌కి వెళ్దాం. టికెట్ ధర తక్కువ, సులువుగా దొరుకుతుంది, ఆట దగ్గర్నుంచి కనిపిస్తుంది. నీకు క్లాసులు లేని ఆదివారం ఏదో చెప్పు, అత్తయ్య పులిహోర కలిపి ఇస్తానంటోంది. మందపాటి మేజోళ్లు వేసుకునిరా, కూర్చున్నచోట కాళ్లు గడ్డకట్టుకుపోతాయి.

ఇట్లు,
మావయ్య