మోషే కథ సినిమాల్లో ఎనిమిదేళ్ళ పాపకి ముందు ఏది చూపించాలి?

ముందు 'ప్రిన్స్ ఆఫ్ ఈజిప్ట్' చూపించండి. మోషే అంటే బైబిల్లో, ఫరో (ఈజిప్టు రాజు) దగ్గర బానిసలుగా ఉన్న ఇశ్రాయేలీయుల్ని విడిపించి, చీలిన సముద్రం గుండా దాటించినవాడు. 1998లో వచ్చిన యానిమేషన్ సినిమా, గంటా నలభై నిమిషాల్లో అయిపోతుంది. విశాఖలో మా చర్చి సండే స్కూల్లో పదకొండేళ్ళుగా పాఠం చెబుతున్నాను, పిల్లలతో కలిసి చాలాసార్లు చూశాను. సముద్రం రెండుగా నిలబడ్డాక మెరుపు మెరుస్తుంది, ఆ వెలుగులో నీటిగోడ లోపల పెద్ద చేప నీడ కదులుతుంది. అక్కడికొచ్చేసరికి గోలచేసే పిల్లలు కూడా నోళ్ళు తెరుచుకుని ఉండిపోతారు.

1956 నాటి 'టెన్ కమాండ్‌మెంట్స్' నాకు ప్రాణం. కానీ మూడున్నర గంటలు దాటుతుంది, చిన్నపిల్లలు ఒకేసారి కూర్చుని చూడలేరు. మేం రెండు ఆదివారాలు చూపించాం. తొట్లలోకి నీళ్ళు కుమ్మరించి, ఆ రీలు వెనక్కి తిప్పి సముద్రాన్ని చీల్చారని చెప్తే మళ్ళీ వెయ్యమని పట్టుబట్టారు.

ఒక్క మాట ముందే చెప్పి కూర్చోబెట్టండి. బైబిల్లో ఆ ఫరోకి పేరు లేదు, రామ్‌సెస్ అన్నది కొందరి ఊహ, సినిమావాళ్ళు అదే తీసుకున్నారు. అతనూ మోషే అన్నదమ్ముల్లా పెరిగారన్నదీ బైబిల్లో లేదు. ఫరో ముందు నిలబడేనాటికి మోషేకి 80 ఏళ్ళు, అతని అన్న అహరోనుకి 83. తెరమీద ఆ వయసు కనబడదు.

నాకు మాత్రం అన్నిటికంటే ముఖ్యం గాలి. బైబిల్లో ఈ కథ ఉన్న నిర్గమకాండం 14:21లో దేవుడు 'రాత్రి అంతయు బలమైన తూర్పుగాలిచేత' సముద్రాన్ని తొలగించాడని ఉంది. రాత్రంతా! ఈ రెండు సినిమాల్లోనూ నిమిషాల్లో దారి తెరుచుకుంటుంది. 2014 అక్టోబర్ 12, హుద్‌హుద్ తుపాను వచ్చిన ఆదివారం, తలుపుకి మంచం అడ్డంపెట్టి మా అమ్మా నేనూ గంటలకొద్దీ పట్టుకుని కూర్చున్నాం. గాలి అంతసేపు ఆగకుండా తోస్తే మనిషి లోపల ఏమవుతుందో ఆరోజు తెలిసింది. ఆ డిసెంబర్‌లోనే మోషే కథ మీదే వచ్చిన 'ఎక్సోడస్' సినిమా చూశాను. అందులో నీళ్ళు రాత్రి మెల్లగా వెనక్కి పోతాయి, ఆ నిదానం నాకు నచ్చింది. కాకపోతే గాలి లేదు, దేవుడి మాటలు ఒక చిన్నపిల్లాడి నోట పలికించారు, చంపుకోవడాలు ఎక్కువ. మీ పాపకి ఇప్పుడే వద్దు.

అందుకే నేను సముద్రం సీను రాకముందే సినిమా ఆపేసి, లైట్లు తీసేసి, ఆ ఒక్క వచనం రెండుసార్లు చదువుతాను. కిందటేడు అలా చదివితే, జాలరిపేట నుంచి వచ్చే ఒక బాబు అడిగాడు: "టీచర్, రాత్రంతా గాలి వీచింది కదా, మరి వాళ్ళు పిల్లల్ని ఎక్కడ పడుకోబెట్టారు?" బైబిల్లో రాయలేదు నాన్నా అన్నాను. వాళ్ళ నాన్న సముద్రం మీద చేపల వేటకెళ్ళిన రాత్రి గాలి లేస్తే వాళ్ళమ్మ పడుకోదట, వీణ్ణి ఒళ్ళో వేసుకుని తెల్లారేదాకా కూర్చుంటుందట. "వాళ్ళూ అలాగే కూర్చునుంటారు" అన్నాడు. అప్పుడు మిగతా సినిమా వేశాను.