డెక్‌ను మాత్రం అన్నిటికన్నా చివర అమ్మండి

కాకినాడలోని సొంత ఇల్లు వదిలి హైదరాబాదులో రెండు పడకగదుల ఫ్లాటుకు మారుతున్నామని, నాన్నగారి ఆంప్లిఫయర్, రికార్డు ప్లేయర్, క్యాసెట్ డెక్, నడుమెత్తు స్పీకర్ల జత, రెండు వందల ఎల్‌పీ రికార్డులు, మూడు అట్టపెట్టెల క్యాసెట్లు ఏం చేయాలో తోచడం లేదని రాశారు. ఇంట్లోవాళ్లేమో పాత సామాన్లవాడికి ఇచ్చేయమంటున్నారన్నారు. ఆరేళ్ల క్రితం విజయవాడ సత్యనారాయణపురం నుంచి మియాపూర్‌లో మూడో అంతస్తుకు వచ్చినప్పుడు నాదీ ఇదే ఇరకాటం. నేను చేసిన పొరపాటు ముందు చెబుతాను.

అన్నిటికంటే ముందు క్యాసెట్ డెక్ అమ్మేశాను. ఇక క్యాసెట్లు ఎవరు వింటారు అనుకున్నాను. కొనే మనిషి ఫోన్ చేసిన రోజే వచ్చి, అడిగిన 4,000 రూపాయలూ బేరమాడకుండా ఇచ్చి పట్టుకుపోయాడు. ఇల్లు మారాక పెట్టెలు సర్దుతుంటే ఒక క్యాసెట్ మీద నాన్న చేతిరాత కనబడింది: ‘అమ్మ - మంగళహారతులు, 1984’. అది మా నాయనమ్మ గొంతు. ఆవిడ పోయి అప్పటికి ముప్ఫై ఏళ్లు. వినడానికి ఇంట్లో యంత్రం లేదు. చివరికి ఇంకెవరిదో పాత డెక్ 9,000 పెట్టి కొన్నాను. దాని బెల్టులు కరిగి తారులా అంటుకుపోయి ఉన్నాయి, మార్పించడానికి మరో వెయ్యి అయింది. మొత్తానికి విన్నాం. రెండో హారతి మధ్యలో వంటింట్లో ఏదో గిన్నె పడిన చప్పుడు, నాయనమ్మ పాట ఆపకుండానే అటు కసిరిన కసురూ అందులో ఉన్నాయి.

అందుకే, మీ మూడు పెట్టెలనూ ఇల్లు మారడానికి కనీసం రెండు నెలల ముందే తెరవండి. సినిమా పాటల క్యాసెట్లను పక్కన పెట్టేయవచ్చు, ఆ పాటల్లో చాలా భాగం ఇప్పుడు ఫోనులోనే దొరుకుతాయి. మీరు వెతకాల్సినవి చేతిరాత ఉన్నవి, పైన ఏమీ రాయనివి. అన్నప్రాశనలు, పెళ్లిపందిళ్లు, గల్ఫ్ వెళ్లినవాళ్లు ఉత్తరానికి బదులు పంపిన మాటలు అలాంటివాటిలోనే ఉంటాయి. క్యాసెట్ పై అంచున రెండు చిన్న ప్లాస్టిక్ రెక్కలు ఉంటాయి కదా, డెక్‌లో పెట్టేముందు వాటిని విరిచేయండి. అప్పుడు పొరపాటున రికార్డు మీట నొక్కినా పాతది చెరిగిపోదు. టేపు మీద తెల్లగా బూజు కనిపిస్తే పెట్టవద్దు, అది డెక్‌లో టేపును చదివే హెడ్డుకు అంటుకుని మిగతా క్యాసెట్లకూ పాకుతుంది. బాగున్నవాటిని ఒకసారి చివరిదాకా తిప్పి, మళ్లీ వెనక్కి తిప్పి, అప్పుడు వినండి.

కంప్యూటర్‌లోకి ఎక్కించడం పెద్ద విద్యేమీ కాదు. డెక్ వెనక శబ్దాన్ని బయటికిచ్చే ‘లైన్ అవుట్’ సాకెట్టు నుంచి, కంప్యూటర్‌కు తగిలించే ఒక చిన్న యూఎస్‌బీ సౌండ్ కార్డుకు తీగ, ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు. సీడీ నాణ్యతలో దాస్తే గంటకు సుమారు 600 మెగాబైట్లు పడుతుంది, ఈ రోజుల్లో అదొక లెక్క కాదు. ఖర్చయ్యేది కాలమే. సీ-90 క్యాసెట్‌కు తొంభై నిమిషాలూ పడుతుంది, తొందరపెట్టే మార్గం లేదు. నలభై క్యాసెట్లంటే అరవై గంటలు. నేను రోజూ సాయంత్రం ఒకటి చొప్పున చేశాను.

ఇక యంత్రాల సంగతి. ఏళ్ల తరబడి మూలపడిన ఆంప్లిఫయర్‌ను తెచ్చి నేరుగా ప్లగ్గులో పెట్టకండి. లోపల కరెంటును నిలవ ఉంచే కెపాసిటర్లు ఎండిపోయి ఉంటే మొదటి నిమిషంలోనే పొగ రావచ్చు. పాత రేడియో మెకానిక్‌ను పిలిస్తే సిరీస్ బల్బు పెట్టి, అంటే కరెంటు ఒక పాతరకం ఫిలమెంట్ బల్బు గుండా ఆంప్లిఫయర్‌కు వెళ్లేలా కలిపి చూస్తాడు. బల్బు నిండుగా వెలిగి అలాగే ఉండిపోతే లోపల ఎక్కడో షార్టు ఉన్నట్టు, ఒకసారి మెరిసి మందగిస్తే ప్రాణం ఉన్నట్టు. శబ్దం పెంచే మీట తిప్పినప్పుడు గరగరమంటే కంగారు పడవద్దు, సాధారణంగా దుమ్మే. స్పీకర్ల ముందు గుడ్డ తీసి, కాగితపు శంకువు చుట్టూ ఉన్న అంచును వేలితో మెల్లగా తాకండి. నురుగు రకమైతే మన తీరప్రాంతపు ఉక్కకు పొడిపొడిగా రాలుతుంది. స్పీకర్ చచ్చిపోయిందని దాని అర్థం కాదు, అంచు మాత్రం కొత్తది అతికిస్తారు. రబ్బరు అంచైతే ఎక్కువకాలం నిలుస్తుంది.

మీ నాన్నగారి వస్తువుల్లో విదేశాల నుంచి తెచ్చినవి ఉంటే వెనక పలక మీద రాసింది చదవండి. గల్ఫ్ నుంచి వచ్చినవి చాలావరకు మన కరెంటుకు సరిపోతాయి, సౌదీ నుంచి వచ్చినవాటిని మాత్రం చూసుకోండి. అమెరికావి 120 వోల్టులవి, జపాన్‌లో అమ్మినవి 100 వోల్టులవి. మా బావమరిది అమెరికా నుంచి తెచ్చిన రికార్డు ప్లేయర్‌కు ట్రాన్స్‌ఫార్మర్ తగిలించి పెడితే ఘంటసాల గొంతు నూతిలోంచి వచ్చింది. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టులను తగ్గిస్తుంది కానీ కరెంటు సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందన్న లెక్కను (హెర్ట్జ్) మార్చదు. వాళ్లవి 60, మనవి 50, ఆ ప్లేయర్‌లోని మోటారు ఈ లెక్కను బట్టి తిరిగే రకం. పాట ఆరో వంతు నెమ్మదించింది.

ఏది ఉంచుకోవాలన్నదానికి నా మాట: రికార్డు ప్లేయర్‌నూ ఆంప్లిఫయర్‌నూ విడదీయకండి. పాత ఆంప్లిఫయర్‌కు రికార్డు ప్లేయర్ తగిలించడానికి ‘ఫోనో’ అనే ప్రత్యేక సాకెట్టు ఉంటుంది, ఇప్పటివాటిలో చాలావాటికి ఉండదు. ఉంచుకుంటే రెండూ ఉంచుకోండి, అమ్మితే రెండూ కలిపి అమ్మండి. ఆంప్లిఫయర్‌కు ఒక చిన్న బ్లూటూత్ రిసీవర్ తగిలిస్తే ఫోనులోని పాటలు కూడా అందులోనే మోగుతాయి, మా ఆవిడ అభ్యంతరం ఆ రోజుతో తీరింది. పెద్ద స్పీకర్లను మాత్రం నేను వదులుకున్నాను. పదకొండడుగుల గదిలో అవి పాడవు, ఉరుముతాయి, కింద ఫ్లాటు వాళ్లు పైకి వస్తారు. పిల్లలకు నాట్యం నేర్పే ఒకావిడకు ఇచ్చేశాను, ఆవిడ హాలుకు అవి సరిగ్గా సరిపోయాయి.

ఎల్‌పీ అట్టతో కలిపి పావుకిలో అనుకోండి, మీ రెండు వందలూ యాభై కిలోలు. అల్మారాలో ముప్పావు మీటరు పొడవు ఆక్రమిస్తాయి. నేను నలభై ఉంచాను. హరికథలు, నాటక పద్యాలు, ఇంకెక్కడా దొరకనివి ముందు తీసి పెట్టి, ఆ తర్వాతే ఇష్టమైనవి ఎంచుకున్నాను. పుస్తకాల్లా నిలబెట్టండి, ఒకదాని మీద ఒకటి పేర్చితే వంగిపోతాయి. లారీలో రికార్డు ప్లేయర్ వెళ్లేటప్పుడు పళ్లెం తీసేసి, ముల్లున్న చెయ్యిని దారంతో కట్టండి. నాది సామాన్లు మార్చే మనుషులకు వదిలేశాను, ముల్లు విరిగింది.

అమ్మదలిస్తే ఇంట్లో మోగుతుండగా కొనేవాళ్లను పిలవండి, మోగుతున్నదానికీ మూగదానికీ ధరలో చాలా తేడా. విడిభాగాలకు, మెకానిక్‌లకు కోఠీ గుజరాతీ గల్లీలో అడగండి. ఎవరూ బాగుచేయలేమన్నవి పాత ఇనుముకు వేయవద్దు. 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నియమాల ప్రకారం అవి అనుమతి ఉన్న రీసైక్లింగ్ వాళ్లకే చేరాలి.

ఆంప్లిఫయర్ వెనక పలక మీద ఉన్న మోడల్ నంబరూ వోల్టులూ, స్పీకర్ అంచు రాలుతోందో లేదో రాస్తే బాగుచేయించడం గిట్టుబాటవుతుందో లేదో చెప్పగలను.